లాటిన్ క్లాసులో చేరిన మేనకోడలికి

చి. శ్రావ్యకు, మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఈ సెమిస్టరు లాటిన్ తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దాంతో ఉద్యోగం ఏమొస్తుందని మీ నాన్నకి టెన్షన్. ఆయన సంగతి నేను చూసుకుంటాను, నువ్వు చదువు సంగతి చూసుకో.

మీ క్లాసులో చాలామంది ఇంగ్లీషు మీదుగా లాటిన్లోకి వెళతారు. నువ్వు తెలుగు మీదుగా వెళ్లు, దారి దగ్గర. 'అగ్రికొల పుయెల్లై రొసం దత్' అన్న వాక్యం తీసుకో. రైతు, అమ్మాయికి, గులాబీని, ఇస్తున్నాడు. మాటల వరస మార్చే పనే లేదు. పక్కన కూర్చున్న పిల్లాడు క్రియ కోసం వాక్యం చివరికి పరిగెత్తి మళ్లీ వెనక్కి వస్తుంటాడు. చిన్న వాక్యాల్లో అదీ నడుస్తుంది కానీ, రోమన్ వక్త సిసెరో రాసిన అరపేజీ వాక్యంలో ఊపిరాడదు. (అన్నట్టు, కాలేజీలో ఆయన్ని 'కికెరో' అనే పలకమంటారు. 'చిచెరో' అనేది చర్చి ఉచ్చారణ.)

ఒక చిక్కుంది. 'పుయెల్లై' అంటే 'అమ్మాయికి' కావచ్చు, 'అమ్మాయి యొక్క' కావచ్చు, 'అమ్మాయిలు' కూడా కావచ్చు. కనపడగానే ఏదో ఒకటి ఖాయం చేసుకోకు. మూడూ మనసులో పెట్టుకుని ముందుకి చదువు. 'దత్' దగ్గరికి వచ్చేసరికి ఇచ్చేవాడున్నాడు, ఇచ్చే వస్తువుంది, ఇక పుచ్చుకునే మనిషే కావాలి. ఈ ఓపిక అలవడితే సగం లాటిన్ వచ్చినట్టే.

నామవాచకాలు అయిదు తరగతులు, క్రియలు నాలుగు. వీటి రూపాలు బట్టీ పట్టాల్సిందే. మీ అమ్మ 'రామః రామౌ రామాః' వల్లించినట్టు పైకి చదువు. క్రియ నేర్చుకునేటప్పుడు నాలుగు మూలరూపాలూ కలిపి నేర్చుకో: ఫెరో (మోస్తాను), ఫెర్రె, తులీ, లాతుం. ఒక్క 'ఫెరో'తో సరిపెట్టుకుంటే, రేపు 'తులిత్' ఎదురైనప్పుడు అది దీని రూపమేనని తట్టదు.

హ్రస్వదీర్ఘాలు కూడా మొదటిరోజు నుంచే మాటతోపాటు నేర్చుకో. 'మలుం' అంటే చెడు, 'మాలుం' అంటే ఆపిల్. అసలు గ్రంథాల్లో దీర్ఘానికి గుర్తు సాధారణంగా వేయరు, చదివేవాడికే తెలిసుండాలి. రోమన్ కవి వర్జిల్ దగ్గరికి వచ్చాక దీని విలువ తెలుస్తుంది. పదో తరగతిలో ఉత్పలమాలకి గణాలు విడగొట్టావు కదా, ఇక్కడా అదే పని. ఆయన కావ్యం 'ఇనీడ్' మొదటి మాటలు చూడు: అర్మ విరుంక్వె కనో. 'అర్-మ-వి' భగణం, 'రుం-క్వె-క' ఇంకో భగణం, 'నో' గురువు. పాదానికి ఆరు గణాలు. భగణం ఉండాల్సినచోట రెండు గురువులూ రావచ్చు, అయిదో గణం మాత్రం దాదాపు ఎప్పుడూ భగణమే. నీ క్లాసువాళ్లకి కొత్తగా అనిపించే ఈ లెక్క నీ చెవికి ముందే తెలుసు.

సొంత వాక్యాలు కట్టిచ్చిన పాఠ్యపుస్తకం అయిపోయి సీజర్ రాసిన అసలు లాటిన్ చేతికి వచ్చినప్పుడు చాలామంది జారిపోతారు. పది లైన్లకి గంట పడుతుంది, కంగారుపడకు. నెట్లో అనువాదం తెరిచిపెట్టుకుని మాత్రం చదవకు. ముందు నీ తెలుగు నువ్వు రాసుకో, తర్వాత సరిచూసుకో.

నా పాత డిక్షనరీ డిసెంబర్లో మీ అమ్మతో పంపిస్తాను. బరువెక్కువ, పచ్చళ్లు కొంచెం తగ్గించుకోమను. మొదటి క్విజ్ పేపరు ఫొటో తీసి నాకు పెట్టు, దిద్దినవన్నీ కనపడాలి.

ఇట్లు,
మామయ్య