తెరచాప కొయ్య ఎత్తు 79 మీటర్లు వస్తోందా? లోతు కాదు, సోనార్ పరికరం ఎత్తు వేయండి

సోనార్ (ధ్వనితో నీటి అడుగును చూపే పరికరం) చిత్రంలో పడిన నీడను, అంటే ధ్వని చేరని నల్లటి భాగాన్ని బట్టి, మునిగిన ఓడ తెరచాప కొయ్య ఎత్తు లెక్కిస్తే 79 మీటర్లు వస్తోందన్నారు. మీ నమూనా లెక్కలో సరస్సు లోతు 150 మీటర్లు వేశారు, తప్పు అక్కడే. ఆ ఓడ, హెచ్‌ఎంఎస్ అంటారియో (బ్రిటిష్ యుద్ధనౌక, 1780లో అంటారియో సరస్సులో మునక, 2008లో ఆచూకీ) పొడవే సుమారు 80 అడుగులు, అంటే 24 మీటర్లు. దాని కొయ్య 79 మీటర్లు ఎలా ఉంటుంది?

1. లోతు బదులు, సోనార్ ఫిష్ (పడవ వెనక కేబుల్‌తో నీటిలో లాగే సోనార్ పరికరం) సరస్సు అడుగు నుంచి ఎంత పైన ఉందో వేయండి. మీ అంకెల్లో అది 40 మీటర్లు.

2. ఎత్తు = నీడ పొడవు × ఫిష్ ఎత్తు ÷ ఫిష్ నుంచి నీడ చివరికి ఏటవాలు దూరం.
63 × 40 ÷ 120 = 21 మీటర్లు.

3. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నీడను నలుపు మొదలైన చోటు నుంచి కొలవకండి. కొయ్య కొన ప్రతిధ్వని, కొయ్య అడుగు భాగం ప్రతిధ్వని కంటే ముందే చిత్రంలో మెరుపుగా పడుతుంది, ఆ మెరుపు దగ్గర్నుంచి కొలవాలి. లేదంటే మూడు మీటర్లకు పైగా తగ్గుతుంది.

4. ఏటవాలు సవరణ (ఏటవాలు దూరాలను అడుగు మీది అడ్డ దూరాలుగా మార్చడం) చేయని ముడి చిత్రమే వాడండి.

ఫిష్ కొయ్య కొన కంటే కిందికి దిగితే నీడకు చివరే ఉండదు (కేబుల్ చిక్కుకునే ప్రమాదం సరేసరి).

వచ్చిన 21 కొయ్య పొడవు కాదు. ఓడ పక్కకు ఒరిగి ఉంది, అసలు పొడవు ఇంకా ఎక్కువ.