బుర్ర మొద్దుబారిందంటున్న పిల్లకు రెండో ఏడాది లాంగ్‌టర్మ్ అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయికి 18 ఏళ్లు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉంచి ఒక ఏడాది నీట్ లాంగ్‌టర్మ్ (ఇంటర్ అయ్యాక వైద్య ప్రవేశ పరీక్ష కోసం ఏడాదిపాటు ఇచ్చే కోచింగ్) చదివించాం, సీటు రాలేదు. మళ్లీ చేర్పించి నెలైంది. తెల్లవారుజామున 5 నుంచి రాత్రి 11 వరకు కూర్చుంటున్నా ఏదీ తలకెక్కడం లేదని, బుర్ర మొద్దుబారిపోయిందని ఏడుస్తోంది. వారాంతపు పరీక్షల్లో మార్కులు 480 నుంచి 410కి పడిపోయాయి. లాంగ్‌టర్మ్ కొనసాగించాలా, శ్రీకాకుళం జిల్లా నైర వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్‌కు పంపాలా? పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, రాజాం

జవాబు: మీరు అడిగింది రెండు చదువుల గురించే అయినా, పిల్ల తెలివి తగ్గిపోయిందేమో, కట్టిన ఫీజు నీళ్లపాలవుతుందేమో అన్న భయమే మీ ఉత్తరంలో ఎక్కువగా కనిపిస్తోంది. మన ప్రాంతం నుంచి ఏటా ఎందరో తల్లిదండ్రులు ఇదే భయంతో నా దగ్గరికి వస్తారు. మీ అమ్మాయి తెలివి ఎక్కడికీ పోలేదు, అది అలసిపోయింది.

రాత్రి 11కి పుస్తకం మూసి 5కి మళ్లీ తెరిచే పిల్లకు ఆరు గంటల నిద్ర కూడా దక్కదు. ఆ వయసువారికి కనీసం ఏడు గంటలు, వీలైతే ఎనిమిది కావాలి. పగలు చదివినది జ్ఞాపకంగా కుదురుకునే పని చాలావరకు నిద్రలోనే జరుగుతుంది కనుక, నిద్ర తగ్గించి చదివించడమంటే చదివినదాన్ని నిలవనీయకపోవడమే. రోజంతా కఠినమైన మేధోశ్రమ చేసినవారి మెదడు ముందుభాగంలో గ్లూటమేట్ అనే రసాయనం పోగుపడుతోందని 2022లో పారిస్ పరిశోధకులు గమనించారు. అలసట బద్ధకం కాదని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. మార్కులు అంకెలతో సహా రాశారు గానీ, అమ్మాయి అన్నం తింటోందా, నెలసరి సక్రమంగా ఉందా అన్నది ఒక్క ముక్క కూడా రాయలేదు. ఫోన్ చేసినప్పుడు మీ మొదటి ప్రశ్న మార్కుల గురించే అయితే, ఆ పిల్ల తన నీరసం గురించి ఎవరితో చెప్పుకుంటుంది? ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి వైద్యుల సలహాతో హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. ఆడపిల్లల్లో రక్తహీనత సాధారణం, దాని వల్ల కూడా తల మందగిస్తుంది. బతుకు మీద విరక్తి మాటలు వినిపిస్తే మాత్రం రోజు కూడా ఆగకుండా వైద్యుని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

రెండో ఏడాది లాంగ్‌టర్మ్ మీద నాకు చాలాకాలంగా అనుమానముంది. మొదటి ఏడాది కొందరికి నిజంగానే ఉపయోగపడుతుంది. ఏ పాఠంలో, ఎందుకు తప్పు జరుగుతోందో తేల్చకుండా అవే పాఠాలను అదే వేగంతో మూడోసారి చెప్పించుకోవడం వల్ల ఏం మారుతుందో నాకు అర్థం కాదు. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ర్యాంకులు వచ్చిన పిల్లలే కనిపిస్తారు గానీ, పెట్టె సర్దుకుని మౌనంగా ఇంటికి తిరిగివచ్చిన పిల్లలు కనిపించరు. కొనసాగించాలనే అనుకుంటే గంటలు తగ్గించే వీలున్నచోటే చేర్చండి: గంటకోసారి లేచి పది నిమిషాలు నడవడం, చదివినది పుస్తకం మూసి రాసి చూసుకోవడం, సాయంత్రం తర్వాత టీ మానేయడం, పదిన్నరకల్లా పడుకోవడం.

నైరలో చదువు నాలుగేళ్లు. వ్యవసాయ శాఖలోనూ బ్యాంకుల్లోనూ ఆ డిగ్రీకి ఉద్యోగాలున్నాయి, మొక్కల మీద ఆసక్తి ఉన్న పిల్లకు అది గౌరవమైన చదువే. డాక్టరు సీటు రాలేదన్న చిన్నతనంతో మాత్రం పంపకండి. నీట్‌కు గరిష్ఠ వయసు గానీ, ప్రయత్నాల లెక్క గానీ లేవు కనుక, ఈ ఏడాది మానేసినంత మాత్రాన ఆ తలుపు మూసుకుపోదు.

రెండింటిలో ఏదైనా అలసిన తలతో తేల్చుకోవద్దు. ఈ ఆదివారం వెళ్లి అమ్మాయిని ఇంటికి తీసుకురండి. పుస్తకాలు హాస్టల్లోనే ఉండనివ్వండి. పది రోజులు కంటినిండా నిద్రపోనిచ్చి, వేళకు అన్నం పెట్టి, చోడి (రాగి) అంబలి తాగించి, ఆ తర్వాత ఏం చదవాలనుందో తననే అడిగి నాకు మళ్లీ రాయండి.