అమ్మాయి పూతరేకులు చుట్టి అమ్మితే పరువు పోతుందా?

రావులపాలెం దగ్గరి నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి బీకాం అయింది. ముద్ర లోను 50,000 తీసుకుని పూతరేకుల వ్యాపారమో, క్లౌడ్ కిచెనో (హోటల్ లేకుండా వండి, యాప్ ఆర్డర్లకు పంపే వంటగది) పెడతానంటోంది. రెండిట్లో ఏది నయం? లోను తీరకపోతే మా పరువేం కాను? అప్పు చేసైనా సరే, రెండు లక్షలు పెట్టి హైదరాబాద్‌లో కోర్సు చేయిద్దామనుకున్నాను."

అయ్యా, మీ టెన్షన్ వ్యాపారం గురించి కాదు, నలుగురి మాట గురించి. ముద్ర అంటే చిన్న వ్యాపారాలకు బ్యాంకులు లోను ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం. అందులో శిశు రకం లోను కింద 50,000 వరకు ఇస్తారు. పొలం కాగితాలు తాకట్టు అడగరు. 12 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 1,660 రూపాయల వాయిదా. వ్యాపారం నడవకపోయినా అమ్మాయి చిన్న ఉద్యోగం చేసుకుని తీర్చేయగలదు. రెండు లక్షల అప్పుకు లేని నామోషీ ఈ యాభై వేలకెందుకండీ? పిల్ల ధైర్యం చేస్తుంటే మీరే వెనక్కి లాగుతున్నారు. భయపడకండి, మునిగిపోయేంత అప్పు కాదిది.

క్లౌడ్ కిచెన్ మీద మాత్రం నాకు నమ్మకం లేదు. మన ఊళ్లలో రోజూ యాప్‌లో తిండి తెప్పించుకునేవాళ్లు ఎంతమంది? ఆర్డర్ వస్తే యాప్ కమీషన్ పోతుంది, డిస్కౌంట్ భారమూ మన మీదే పడుతుంది. మిగిలిన కూర రాత్రికి పారబోయాలి. అన్నిటికన్నా నాకు నచ్చనిది, కొన్నవాళ్ల ఫోన్ నంబర్ కూడా చాలావరకు మన చేతికి రాదు. ఏడాది వండినా మనకంటూ ఖాతాదారులు మిగలరు.

పూతరేకులైతే కొన్నాళ్లు నిలవుంటాయి. కుండ మీద రేకు తీయడం చేయి తిరిగినవాళ్ల పని, అమ్మాయిని దాని జోలికి వెళ్లొద్దనండి. ఆత్రేయపురం చుట్టుపక్కల ఆడవాళ్ల దగ్గర రేకులు కొని, ఇంట్లో చుట్టుకుంటే చాలు. లోను డబ్బు నెయ్యికి, బెల్లానికి, జీడిపప్పుకి, డబ్బాలకి సరిపోతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకు అని ఇచ్చేది) వచ్చాక పేరు పెరిగింది, పోటీ కూడా ఉంది. అందుకే ముందే రోడ్డు మీద షాపు అద్దెకు తీసుకోవద్దు, పెళ్లి ఆర్డర్లు పట్టమనండి. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి రెండు వాయిదాల డబ్బు ముందే పక్కన పెట్టాలి. చాలకపోతే వారం వారం వసూలుకొచ్చే ఫైనాన్స్ వాళ్ల దగ్గరకు వెళ్లొద్దు. ముద్ర ఇప్పిస్తానని కమీషన్ అడిగేవాడికి రూపాయి ఇవ్వకండి.

ముందు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించండి. తర్వాత ఐదు వేల సొంత డబ్బుతో నెల రోజులు అమ్మి చూడమనండి. బీకాం చదివిన పిల్ల, లెక్క తనే రాసుకుంటుంది. ఆ పుస్తకం పట్టుకుని బ్యాంకుకు వెళ్లే రోజున మీరూ తన వెంట వెళ్లండి.