తమ్ముడూ, ఆ గడప కింద బాంబు తీసెయ్

తమ్ముడూ,

నువ్వు పంపిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అడ్వెంచర్ (టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలేసి ఆడే ఆ ఆటకి నువ్వు రాసిన కథ) రెండుసార్లు చదివా. మొదటిసారి మెట్రోలో చదువుతూ అమీర్‌పేటలో రైలు మారడం మర్చిపోయి మియాపూర్ దాకా వెళ్ళిపోయా, అదే నీకు మెచ్చుకోలు అనుకో, ఇంతకుమించి నా దగ్గర దొరకదు. రెండోసారి ఇంటికొచ్చి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నా, అప్పుడు ఒళ్ళు మండింది.

31వ పేజీ సంగతే. ఆ పిల్ల ఆరేళ్ళ తర్వాత ఊరికొస్తుంది, అప్పటికే తల్లి పోయింది, గడపలో కాలు పెట్టగానే ద్వారబంధం మీద తల్లి వేసి పెట్టిన మ్యాజిక్ మౌత్ (షరతు జరగ్గానే దాచిన మాట పలికే స్పెల్) తెరుచుకుని "ఇంత రాత్రి దాకా ఎక్కడ తిరుగుతున్నావే, కాళ్ళు కడుక్కో, అన్నం మీద మూత పెట్టా" అంటుంది. పెన్సిల్ పక్కన పెట్టేశా నేను. తీరా కింద పేరాకొస్తే అదే గడప కింద గ్లిఫ్ ఆఫ్ వార్డింగ్, తొక్కితే పేలే స్పెల్! ఎక్స్‌ప్లోజివ్ రూన్స్, 5డీ8 (ఎనిమిది ముఖాల పాచికలు ఐదు) డ్యామేజ్, 20 అడుగుల రేడియస్. ఏరా, కూతురికి అన్నం మూత పెట్టిన మనిషి గడప కింద బాంబు పెడుతుందా? పైగా మార్జిన్‌లో 'ఫైట్ లేకపోతే ప్లేయర్లు బోర్ ఫీలవుతారు' అని నోట్ ఒకటి.

ఈ రోగం ఎక్కడిదో నాకు తెలుసు. ఈ మధ్య ప్రతివాడూ పాత్రకి బలం పెంచే బిల్డ్ బిల్డ్ అని వీడియోలు చూసి పాడైపోతున్నాడు, స్పెల్ అంటే ఎంత డ్యామేజ్, ఎంత సేఫ్టీ అంతే. నువ్వు చివర్లో ఇచ్చిన 40 ట్రిగర్ల (ఏం జరిగితే స్పెల్ పడాలి అనే షరతుల) లిస్టే చూడు, సగానికి పైగా 'హిట్ పాయింట్లు సగానికి పడితే ఫలానా స్పెల్' అనే టైపే. ఆటలో మాంత్రికుడు, అదే విజర్డ్‌కి, తన హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం లెక్క, ఎన్నో ఎలా తెలుస్తాయి? మెషిన్ పెట్టుకోకుండా నీ బీపీ ఎంతో నువ్వు చెప్పగలవా? వాడు రాసుకోగలిగింది 'నా రక్తం నేల మీద పడితే' అనో 'నేను మోకాళ్ళ మీద కూలబడితే' అనో, అంతే. అలా రాస్తే చూడు, వాడు గుడికెళ్ళి దణ్ణం పెట్టుకోవడానికి వంగినా స్పెల్ పేలుతుంది, కథ అక్కడ మొదలవుతుంది.

నేను ఎవరికైనా చెప్పేది ఇదొక్కటే, విని విని మా ఇంట్లోవాళ్ళు పారిపోతుంటారు. ట్రిగర్ రాసేది ఒకరోజు, పేలేది ఇంకోరోజు, మధ్యలో ఆ మనిషి మారిపోయి ఉంటాడు. స్పెల్‌కి ఆ మార్పు తెలీదు. 2014 రూల్స్ పుస్తకంలో కంటింజెన్సీ అనే స్పెల్ చదివావు కదా, పెట్టిన షరతు మొదటిసారి జరగ్గానే నీకు ఇష్టమున్నా లేకపోయినా స్పెల్ పడి తీరుతుంది అని ఉంటుంది. ఆ 'ఇష్టమున్నా లేకపోయినా' కోసమే నేను ఆ పుస్తకం కొన్నా అనుకో, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, అట్ట ఊడిపోయిన కాపీ, గంట బేరమాడి.

విజర్డ్‌గా ఆడుతూ నాకు తగిలిన దెబ్బ చెప్తా. 11వ లెవెల్‌కి రాగానే కంటింజెన్సీ వేసుకున్నా, రత్నాలు పొదిగిన నా దంతపు బొమ్మకి 1,500 బంగారు నాణేలు తగలేసి మరీ. 'ఎవరైనా నన్ను గట్టిగా పట్టుకుంటే గ్యాసియస్ ఫామ్' అని షరతు. అంతకుముందే ఒక భూతం నన్ను నలిపి పిప్పి చేసి వదిలింది, ఆ భయం. నాలుగు సెషన్ల తర్వాత, చచ్చిపోయాడనుకున్న నా పాత్ర తమ్ముడు రేవు దగ్గర కనబడ్డాడు, వాడు పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు, నేను పొగనైపోయా. టేబుల్ చుట్టూ ఒక్కడు నోరు మెదపలేదు. వెంటనే స్పెల్‌ని నిలబెట్టే కాన్సంట్రేషన్ వదిలేసి మనిషినయ్యాలే, కానీ వాడు అప్పటికే రెండడుగులు వెనక్కేసి కత్తి మీద చెయ్యేశాడు. 'శత్రువు' అన్న ఒక్క మాట రాసుకుని ఉంటే సరిపోయేది. రాయకపోవడమే మంచిదైంది, ఆ తర్వాత ఏడాది క్యాంపెయిన్ అంతా ఆ రెండడుగుల మీదే నడిచింది.

మనకివన్నీ కొత్త అన్నట్టు రాస్తావేంటి అసలు? ముచుకుందుడి సంగతి గుర్తు తెచ్చుకో, భాగవతం దశమ స్కంధం. దేవతల తరఫున యుద్ధం చేసి అలిసిపోయి గుహలో పడుకున్నాడు, లేపినవాడు భస్మం అని వరం. కృష్ణుడు చేసిందల్లా తనని తరుముతున్న శత్రువు కాలయవనుణ్ణి వెంటబెట్టుకుని ఆ గుహలోకి దూరడమే. వాడు పడుకున్నవాణ్ణి చూసి కృష్ణుడే అనుకుని తన్నాడు, అయిపోయాడు. ఎవడో ఎప్పుడో పెట్టిన ట్రిగర్ మీదకి శత్రువుని నడిపించుకెళ్ళడం, పైసా ఖర్చు లేదు, స్లాట్ (రోజుకి వేయగల స్పెల్స్ కోటా) ఖర్చు లేదు. నీ 40లో ఇలాంటిది ఒక్కటి లేదు.

15వది మాత్రం నచ్చింది, నోళ్ళ వరస. ఒక మ్యాజిక్ మౌత్ అరిస్తే అది విని 30 అడుగుల అవతలది అరుస్తుంది, దాన్ని విని ఇంకోటి. కానీ లెక్క వేసుకోలేదు నువ్వు, నేను వేశా. కిలోమీటరుకి 110 నోళ్ళు, ఒక్కోదానికి 10 నాణేల పచ్చరాతి పొడి, అంటే 1,100. స్లాట్ వాడకుండా తీరిగ్గా రిచ్యువల్‌గా వేస్తే ఒక్కోటి 11 నిమిషాలు, మొత్తం 20 గంటల పైనే. గోల్కొండలో గేటు దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు అవతల పైన బాలా హిస్సార్‌లో వినబడుతుంది, కుతుబ్ షాహీల మేస్త్రీలకి ఏ స్పెల్లూ రాదు. నీ కోటలో కూడా అలా ఎవడో ముసలి మేస్త్రీ నోళ్ళు పెట్టిన విజర్డ్‌ని చూసి నవ్వాలి, ఆ నవ్వు పెట్టు.

అచ్చుకి ఎవరికి పంపాలి అని కూడా అడిగావ్. అది మాత్రం నన్నడక్కు. ఇరవై ఏళ్ళ కింద డైస్ ఆడుకునే నలుగురు కుర్రాళ్ళ మీద కథ రాసి ఒక వారపత్రికకి తీసుకెళ్తే, ఎడిటర్ గారు మొదటి పేజీ మాత్రం చదివి "పాచికలంటే శకుని గుర్తొస్తాడండీ, మాది ఫ్యామిలీ పత్రిక" అన్నారు. ఆర్నెల్లు తిరక్కుండా అదే పత్రికలో ఫారిన్ మాంత్రికుడి సీరియల్, అనువాదం, కలర్ బొమ్మలతో. ఆ కథ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చెదలు నాకన్నా ముందు చదివేశాయి.

సరే, ఆ తల్లి మాటకొద్దాం. మ్యాజిక్ మౌత్‌కి 25 మాటలే హద్దు, నువ్వు మొత్తం రాసింది 34. తెలుగులో మాటలు లెక్కపెట్టడం అంత ఈజీ కాదని ఒప్పుకుంటా, మా టేబుల్‌లో ఒక తెలుగు లెక్చరర్ ఉండేవాడు, 'ఎక్కడికెళ్ళిపోతున్నావిప్పుడు' అన్నదంతా సంధి కలిసింది కాబట్టి ఒకటే మాట అని కాచిగూడ ఇరానీ హోటల్లో గంటన్నర వాదించాడు. చివరికి ఆట నడిపే డీఎం విసిగిపోయి ఒక్క గుక్కలో పలికిందంతా ఒక మాట అన్నాడు, ఈయన అక్కడికక్కడే గుక్క తిప్పుకోకుండా సీసపద్యం అందుకున్నాడు, హోటలాయన వచ్చి మమ్మల్ని లేపేశాడు. నువ్వు అంత దూరం పోకు. తొమ్మిది మాటలు కొట్టెయ్, 'జాగ్రత్త', 'నా బంగారు తల్లి', అవన్నీ కొట్టెయ్. మూత మాత్రం ఉంచు.

ఇంకోటి. ఆ నోరు ఒక్కసారి చెప్పి ఆగిపోవాలా, షరతు జరిగినప్పుడల్లా చెప్తూనే ఉండాలా అనేది వేసినవాళ్ళే తేల్చుకోవాలి. నువ్వు ఆ ఊసే ఎత్తలేదు. నన్నడిగితే ఒక్కసారే. ఆ పిల్లకి ఆ సంగతి పక్కింటావిడ ముందే చెప్పెయ్యాలి. ఇప్పుడు ఆ పిల్ల ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్తుందా? నాకైతే పెరటి గోడ దూకి, వంటింటి తలుపు తీసుకుని వెళ్ళేట్టు కనబడుతోంది, రోజూ. ప్లేయర్లలో ఎవడో ఒకడు తెలీక ముందు తలుపు తీయబోతాడు, అప్పుడు చూడు ఆ టేబుల్.

గ్లిఫ్ పేరా కొట్టేసి మళ్ళీ పంపు. ఈసారి పీడీఎఫ్ వద్దు, ప్రింట్ తీసి కొరియర్ చెయ్, ఫోన్‌లో జూమ్ చేసి చేసి కళ్ళు లాగేస్తున్నాయి.

మీ అన్నయ్య