చిగుళ్ల జబ్బు ‘మూడో స్టేజీ’ అంటే పళ్లన్నీ పీకించమని కాదు

మీ అమ్మగారికి చిగుళ్ల జబ్బు మూడో స్టేజీలో ఉందని డాక్టరు చెప్పారని, అంటే ఇదే చివరి దశా, పళ్లన్నీ తీయించి కట్టుడు పళ్లు పెట్టించడమేనా అని అడిగారు. కానే కాదు. ఇదే మాట మా నాన్నగారికీ చెప్పారు. ఆ పళ్లతోనే ఆయన ఇప్పటికీ చేగోడీలు తింటున్నారు.

మా నాన్నగారిది రాజోలు వైపు గోదావరి ఒడ్డున లంక ఊరు. కొబ్బరి తోట, కాస్త వరి. కుర్రతనం నుంచి లంక పొగాకు చుట్ట అలవాటు. ‘నా చిగుళ్ల నుంచి ఒక్క చుక్క రక్తం కారడం ఎవరైనా చూశారా?’ అని ధీమాగా అనేవారు. ఆ మాట నిజమే. కానీ పొగ తాగేవారి చిగుళ్లలో రక్తం కారడం అణిగిపోతుంది, లోపల వాపు ఉన్నా పైకి అంతగా కనిపించదు. మిగతావారికి బ్రష్ మీద ఎర్రగా కనబడే హెచ్చరిక వీరికి అందదు. మన డెల్టాలో చాలామంది మగవాళ్లకు పన్ను ఊగేదాకా సంగతి తెలియకపోవడానికి సగం కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

యాభై దాటాక ఆయన ముందు పళ్ల మధ్య సందు పడింది. చుట్టాలు చూసి అదృష్టం అన్నారు. చిన్నప్పటి నుంచి ఉన్న సందు వేరు. పెద్ద వయసులో కొత్తగా సందు పడిందంటే పన్ను తన చోటు వదిలి జరుగుతోందేమోనని అనుమానించాలి. ఆ తర్వాత కింది దవడ పళ్లు కదలడం మొదలైంది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో టార్చి వేసి చూసి, వేలితో అటూ ఇటూ కదిపి, ‘ఈ నాలుగూ తీసేసి బ్రిడ్జి కడదాం’ అన్నారు. కొలత తీయలేదు, ఎక్స్‌రే తీయలేదు. నొప్పి లేదు కాబట్టి నాన్నగారికి ఆ పళ్ల మీద మమకారమూ లేదు, వెంటనే సరే అన్నారు. నేను ఒప్పుకోలేదు. పిప్పి పన్నయితే రాత్రంతా నిద్ర పట్టనివ్వక పొద్దున్నే డాక్టరు దగ్గరికి పంపిస్తుంది. చిగుళ్ల జబ్బు చాలామందిలో ఏళ్ల తరబడి నొప్పే పెట్టదు. మనమేమో నొప్పి వస్తే చూద్దాంలే అని కూర్చుంటాం.

చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా భీమవరం డెంటల్ కాలేజీకి తీసుకువెళ్లాను. పీజీ చదువుతున్న ఒక డాక్టరమ్మాయి, మిల్లీమీటర్ల గీతలున్న సన్నని ప్రోబ్‌ను పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దించుతూ కొలిచింది. ఒక్కో పంటికి బయటి వైపు మూడు చోట్ల, లోపలి వైపు మూడు చోట్ల. ఆమె అంకెలు చెబుతుంటే పక్కన ఇంకో విద్యార్థి రాసుకుంటున్నాడు. ‘రెండు, మూడు, రెండు... మూడు, రెండు, మూడు...’ మా నాన్నగారు జీవితమంతా కొబ్బరికాయల లెక్క విన్న మనిషి. పై ముందు పళ్ల దాకా నిశ్చింతగా పడుకున్నారు. దవడ పళ్ల దగ్గర ‘ఆరు, ఏడు, ఆరు’ అని వినగానే చెయ్యి ఎత్తి ఆపేశారు. ‘ఏడంటే ఏమిటమ్మా?’ అని అడిగారు. ఆమె విసుక్కోలేదు. ప్రోబ్‌ను ఆయన కళ్ల ముందు పెట్టి, 3 మిల్లీమీటర్ల దాకా అయితే మామూలు, ఇక్కడ చిగురు పంటిని వదిలేయడంతో 7 మిల్లీమీటర్ల లోతు సంచి ఏర్పడింది, అందులోకి బ్రష్ వెళ్లదు అని చెప్పింది.

తర్వాత ఎక్స్‌రే చూపించి పంటి వేరు పక్కన ఎముక ఎంత దిగిపోయిందో వేలితో గీసింది. నాన్నగారు కాసేపు చూసి, ‘ఇది మన లంకలో కోతే కదా. చెట్టు పచ్చగానే ఉంటుంది, వేళ్ల కింద మట్టి ఏట్లోకి పోతూ ఉంటుంది’ అన్నారు. అవునండీ అంది ఆ అమ్మాయి. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు గానీ ఇకముందు పోకుండా ఆపవచ్చు అని చెప్పింది. మూడో స్టేజీ అని రాసింది. పీకేయమని మాత్రం రాయలేదు.

మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. స్టేజీ అనేది ఇప్పటిదాకా ఎంత పోయిందో చెప్పే లెక్క. ఇంకెన్నాళ్లు మిగిలిందో చెప్పేది కాదు. ఇప్పుడు డాక్టర్లు వాడుతున్న ఈ నాలుగు స్టేజీల వర్గీకరణను అమెరికా, ఐరోపా చిగుళ్ల నిపుణులు కలిసి 2018లో ప్రకటించారు. చిగురు మాత్రమే వాచి రక్తం కారే జింజివైటిస్‌కు ఆ నాలుగు స్టేజీలలో చోటే లేదు, ఎందుకంటే అందులో ఎముక పోదు, శుభ్రం చేస్తే మొత్తం తగ్గిపోతుంది. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో (Harald Löe) అనే పరిశోధకుడు ఆరోగ్యంగా ఉన్నవారిని పళ్లు తోముకోవడం ఆపమన్నాడు. 10 నుంచి 21 రోజుల లోపల అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక తగ్గిపోయాయి. పాచి ఎంత పని చేస్తుందో ఇంతకన్నా స్పష్టంగా చూపించిన ప్రయోగం నాకు తెలియదు.

పంటిని పట్టి ఉంచే కణజాలం పోవడం మొదలయ్యాక స్టేజీలు వస్తాయి. ఆ నష్టం 1, 2 మిల్లీమీటర్లయితే మొదటిది, 3, 4 అయితే రెండోది, 5 గానీ అంతకు మించి గానీ ఉంటే మూడోదో నాలుగోదో. రెండో స్టేజీలో వేరు పొడవులో 15 నుంచి 33 శాతం వరకు ఎముక తగ్గుతుంది. మూడోదాంట్లో వేరు సగం దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. నాలుగో స్టేజీలో ఈ జబ్బు వల్లే ఐదు అంతకంటే ఎక్కువ పళ్లు పోయి ఉంటాయి, లేదా పళ్లు జరిగిపోయి నమలడమే కష్టమవుతుంది. దీనితో పాటు ఎ, బి, సి అని గ్రేడ్ కూడా ఇస్తారు. అది జబ్బు వేగానికి సంబంధించినది. షుగరు ఉండి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 7 శాతం గానీ అంతకు మించి గానీ ఉన్నా, రోజుకు పది సిగరెట్లు అంతకు మించి తాగినా నేరుగా ‘సి’లో పడతారు. స్టేజీ అడిగినవారు గ్రేడ్ కూడా తప్పకుండా అడగాలి. నా దృష్టిలో అదే ముఖ్యం, ఎందుకంటే అది మన చేతిలో ఉన్న సంగతి.

నాన్నగారికి షుగరు ఉందని బయటపడింది కూడా అక్కడే. అప్పటిదాకా పరీక్షే చేయించుకోలేదు. షుగరు పెరిగితే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్ల వాపు ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్లకు వైద్యం చేయిస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున సుమారు 0.4 పాయింట్లు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అయినా షుగరు మందులు రాసేటప్పుడు ‘నోరు తెరవండి, చిగుళ్లు చూద్దాం’ అన్న డాక్టరు నాకింతవరకు కనబడలేదు. పాదాలు చూస్తారు, కళ్లు చూపించుకోమంటారు. నోటి దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ పట్టదు.

మన ఇళ్లలో చెప్పే మాటలు వింటే నాకు కోపం వస్తుంది. చిగుళ్ల నుంచి రక్తం కారితే ‘వేడి చేసింది, మజ్జిగ తాగు’ అంటారు. కడుపుతో ఉన్న పిల్లకు రక్తం కారితే ‘కాన్పయ్యాక అదే పోతుంది’ అంటారు. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చిగుళ్లు త్వరగా వాస్తాయి, ఆ సమయంలోనే పళ్లు ఇంకా శుభ్రంగా ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువ చెడు చేసిన మాట ‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి’ అన్నది. గార గట్టిపడి పళ్ల మధ్య సందులు పూడ్చేస్తుంది, కదిలే పళ్లను ఒకదానికొకటి అతికించినట్టు పట్టుకుంటుంది. దాన్ని తీసేస్తే అప్పటికే ఉన్న సందులు, కదలిక బయటపడతాయి. నింద మాత్రం క్లీనింగ్ మీద పడుతుంది. ఈ ఒక్క మాట నమ్మి మా ఊళ్లో ఎందరు నోరంతా బోసి చేసుకున్నారో!

నాన్నగారికి మొదట వేర్ల దాకా డీప్ క్లీనింగ్ చేశారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలిచారు. చాలా చోట్ల 6 ఉన్నది 4కు వచ్చింది. తగ్గని రెండు చోట్ల చిగురు తెరిచి శుభ్రం చేశారు. తీసేద్దామన్న నాలుగు పళ్లలో ఒక్కటే తీయాల్సి వచ్చింది. వాపు తగ్గాక మిగతావి తమంతట తామే కొంత గట్టిపడ్డాయి. చుట్ట మానేశాక కొన్నాళ్లు బ్రష్‌కు రక్తం అంటుకుని ఆయన కంగారుపడి ఫోన్ చేశారు. పొగ మానినవారికి అలా కనబడడం మామూలేనని, పొగ అణిచిపెట్టిన హెచ్చరిక తిరిగి బయటపడడమేనని డాక్టరమ్మాయి ధైర్యం చెప్పింది. ఇప్పుడు మూడు నెలలకోసారి శుభ్రం చేయించుకుంటున్నారు. పళ్ల సందుల్లో తోముకునే చిన్న బ్రష్‌లు మాత్రం మా వైపు మందుల షాపుల్లో దొరకవు. పన్ను తెల్లబరుస్తామనే పొడులు పది రకాలు దొరుకుతాయి, అవసరమైనది ఒక్కటీ ఉండదు. భీమవరం వెళ్లినప్పుడే కొని తెచ్చిపెడుతున్నాం.

మీ అమ్మగారి విషయంలో, ఒక్కో పంటికి ఆరు అంకెలున్న కొలతల చార్టు తీశారా లేదా మొదట తెలుసుకోండి. తీయకుండానే మూడో స్టేజీ అని ఉంటే ఇంకోచోట చూపించండి. డెంటల్ కాలేజీ అయితే చిగుళ్ల వైద్యం చూసే పీరియడాంటిక్స్ విభాగంలోనే చూపించండి. బీపీకి అమ్లోడిపిన్ వాడుతుంటే ఆ సంగతి చెప్పండి, ఆ మాత్రతో కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. హెచ్‌బీఏ1సీ పరీక్ష అదే వారంలో చేయించి, ఆ రిపోర్టు పళ్ల డాక్టరుకు, చిగుళ్ల చార్టు షుగరు డాక్టరుకు చూపించండి. పళ్లు తీయాలంటే ఏ పన్ను, ఎందుకు అని ఒక్కోదానికి విడిగా చెప్పించుకోండి.