జీపీఎస్ వాచీ కొనే ముందు: డిమెన్షియా ఉన్న మా మామయ్యగారి దగ్గర ఏది పనిచేసింది, ఏది అటకెక్కింది

మీ అమ్మగారికి అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు, డిమెన్షియాలో ఒక రకం), విజయవాడ సత్యనారాయణపురంలో మీ నాన్నగారు ఒక్కరే చూసుకుంటున్నారు, ఈమధ్య ఆవిడ చెప్పకుండా బయటికి వెళ్లిపోతున్నారు, మీరేమో బెంగళూరులో ఉన్నారు. జీపీఎస్ వాచీ, కెమెరాలు, అలెక్సా అన్నీ ఒకేసారి కొనేద్దామా అని మీరు అడిగారు. మాది గుంటూరు, బ్రాడీపేట. మా మామయ్యగారికి ఇదే జబ్బు. మావారు ఆఫీసుకు వెళ్తారు కాబట్టి పగలంతా ఆయన్ను చూసుకునేది నేనే. మీరు రాసిన వస్తువులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మా ఇంటికి వచ్చినవే.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. అమ్మగారు కొత్తగా నేర్చుకోవాల్సిన వస్తువు, గుర్తుపెట్టుకుని నొక్కాల్సిన బటన్ ఉన్న వస్తువు ఎంత మంచిదైనా డబ్బు దండగ. ఈ జబ్బులో మొదట దెబ్బతినేది కొత్త సంగతులు గుర్తుపెట్టుకునే శక్తే. పాత అలవాట్లు మాత్రం చాలాకాలం నిలుస్తాయి. కొన్నది ఆవిడ పాత అలవాటులో కలిసిపోవాలి, లేదంటే ఆవిడ ప్రమేయం లేకుండా నాన్నగారికి పనికిరావాలి. వాచీ అమ్మేవాళ్లు ఎస్‌ఓఎస్ బటన్ (ఆపదలో సాయం కోసం నొక్కేది) గురించి గొప్పగా చెబుతారు. దారి తప్పానన్న సంగతే తెలియని మనిషి ఆ బటన్ ఎందుకు నొక్కుతారు?

వాచీతోనే మొదలుపెడతాను, మీ టెన్షన్ అంతా దాని మీదే కదా. మా మామయ్యగారి ఎడమ చేతికి ఎప్పటినుంచో హెచ్ఎంటీ వాచీ ఉంటుంది. దాన్ని తియ్యనివ్వరు. జీపీఎస్ వాచీ కుడి చేతికి పెట్టాం. కాసేపు దాన్నే చూసి, మెల్లిగా విప్పి, టీవీ పక్కన జాగ్రత్తగా పెట్టి, "ఇదెవరిదో మర్చిపోయి వెళ్లారు, వస్తే ఇచ్చెయ్యమ్మా" అన్నారు. ఎన్నిసార్లు పెట్టినా అదే వరస. పైగా దానికి రోజూ చార్జింగ్ పెట్టాలి, లోపల సిమ్ ఉంటుంది, దానికి రీచార్జ్ చేయించాలి. రీచార్జ్ అయిపోతే వాచీ మూగబోతుంది, ఆ సంగతి మనకు ఎవరూ చెప్పరు. మీరు ఎలాగూ కొంటానంటే ఒక్క ప్రశ్న అడిగి కొనండి: ఇది 4జీ వాచీయా, 2జీయా? చవగ్గా దొరికేవాటిలో 2జీ మీద మాత్రమే పనిచేసేవి ఉన్నాయి. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు, ఆ సిమ్ అందులో వేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. ఇంకో సంగతి, జీపీఎస్ సిగ్నల్ అందనప్పుడు కొన్ని వాచీలు సెల్ టవర్‌ని బట్టి చోటు చూపిస్తాయి. అప్పుడు మనిషి పక్క వీధిలో ఉన్నా మ్యాప్‌లో చుక్క ఎక్కడో దూరంగా కనిపిస్తుంది.

మాకు చివరికి పనికొచ్చింది మొలతాడు. నవ్వకండి. మామయ్యగారు ఏది విప్పినా మొలతాడు విప్పరు. తాళంచేతులకు తగిలించుకునే ట్రాకర్ బిళ్లలు ఉంటాయి చూడండి, ఆపిల్ కంపెనీ ఎయిర్‌ట్యాగ్ లాంటివి. దాన్ని మెత్తటి గుడ్డసంచిలో పెట్టి, నోరు కుట్టేసి, తాయెత్తులా మొలతాడుకు కట్టాం. స్నానం చేయించేటప్పుడు సంచి విప్పి మళ్లీ కట్టడం నా పని. చార్జింగ్ గొడవ లేదు, గుండ్రటి చిన్న బ్యాటరీ, దాదాపు ఏడాది వస్తుంది. మీ అమ్మగారికైతే లోపలి లంగాకి చిన్న జేబు కుట్టించండి. ఒక్కటి సరిపోదు, ఆవిడ కట్టుకునే లంగాలన్నిటికీ కుట్టించాలి. చీర మార్చినప్పుడు బిళ్ల కూడా మార్చాలని నాన్నగారికి గుర్తుండాలి కాబట్టి పనమ్మాయికి కూడా చెప్పి ఉంచండి.

అయితే ఈ బిళ్లలో జీపీఎస్ ఉండదు. దారిలో పోయేవాళ్ల ఫోన్లు దాన్ని పసిగట్టి, ఫలానా చోట కనిపించిందని మన ఫోన్‌కి చేరవేస్తాయి. ఎయిర్‌ట్యాగ్‌కి ఐఫోన్లు కావాలి, ఆండ్రాయిడ్ వాళ్లకు గూగుల్ నెట్‌వర్క్ మీద పనిచేసేవి వేరే ఉన్నాయి. మన ఊళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఉండేది ఆండ్రాయిడే, కొనేముందు అది ఆలోచించుకోండి. జనం తిరిగే వీధిలో బాగానే పనిచేస్తుంది. ఊరి బయట పొలాల్లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంకొకటి ముఖ్యం: ఎయిర్‌ట్యాగ్‌ని మీ బెంగళూరు ఫోన్‌లో రిజిస్టర్ చేయకండి. యజమాని ఫోన్‌కి చాలా గంటలు దూరంగా ఉండి కదులుతుంటే అది కుయ్‌కుయ్‌మని మోగుతుంది, దొంగచాటుగా మనుషుల వెంట వేయకుండా పెట్టిన కట్టడి అది. అమ్మగారి నడుము దగ్గర ఏదో మోగితే ఇంకేమన్నా ఉందా! నాన్నగారి ఫోన్‌లో రిజిస్టర్ చేసి, మీకు షేర్ చేయమనండి.

చుక్క ఎక్కడుందో తెలిస్తే సరిపోదు, అక్కడికి వెళ్లే మనిషి కావాలి. బెంగళూరులో మీ ఫోన్ మోగితే మీరు చేసేదల్లా గుండెలు బాదుకుంటూ నాన్నగారికి ఫోన్ చేయడమే. బ్రాడీపేటలో వీధులన్నీ లైన్లు, అడ్డరోడ్లు. నాలుగో లైను ఏడో అడ్డరోడ్డు అయితే 4/7 అని రాసుకుంటాం. కొత్తవాళ్లకే ఏ మలుపు చూసినా ఒకలాగే ఉంటుంది, ఇక మామయ్యగారి సంగతి చెప్పాలా? అందుకని మా లైనులో ఇస్త్రీ బండి అతనికి, కిరాణా కొట్టు వాళ్లకి, ఆటోస్టాండులో వాళ్లకి ఆయన ఫొటో, మా నంబర్లు ఇచ్చాం. జబ్బు సంగతి దాచలేదు. పరువు పోతుందని మా అత్తయ్యగారు మొదట ఒప్పుకోలేదు. ఒకరోజు ఇస్త్రీ బండి అతను మామయ్యగారి చెయ్యి పట్టుకుని, కబుర్లు చెబుతూ ఇంటికి తీసుకొచ్చాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ట్రాకర్ చూసే పని ఆ రోజు రానేలేదు.

ఇలా బయటికి వెళ్లేవాళ్లు చాలాసార్లు పాత పని చోటుకో, పాత ఇంటికో బయల్దేరతారు. మామయ్యగారు పట్నం బజారులో కొట్టు గుమస్తాగా చేశారు. ఆయన కనిపించకపోతే మేము మొదట చూసేది రైలు పట్టాలు దాటే దారి. మీ అమ్మగారు ఏ ఊరు, ఏ పేట పేరు ఎక్కువగా ఎత్తుతున్నారో నాన్నగారిని అడిగి రాసిపెట్టుకోండి. విజయవాడ కాబట్టి కాలవల సంగతి కూడా చెప్పాలి. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ ఊరి మధ్యలోంచే పోతున్నాయి. మనిషి కనబడకపోతే ముందు ఇంటికి దగ్గర్లోని కాలవగట్టుకు ఒకరిని పంపండి, బస్టాండు, రైల్వేస్టేషన్ తర్వాత. పోలీసులకు చెప్పడానికి ఒక రోజు ఆగాలనే మాట నమ్మకండి, వెంటనే 112కి ఫోన్ చేయండి.

గుమ్మం దగ్గర పెట్టే అలారం మాత్రం వందల్లోనే వస్తుంది, అది మొట్టమొదట కొనండి. తలుపుకి ఒక ముక్క, ద్వారబంధానికి ఒక ముక్క అతికిస్తారు. తలుపు తెరిస్తే రెండూ విడిపోయి, వంటింట్లో పెట్టిన బెల్లు మోగుతుంది. లోపల ఉండేది అయస్కాంతం, ఇనప గ్రిల్ మీద సరిగా పనిచేయకపోవచ్చు, చెక్క తలుపుకే పెట్టండి. మా గ్రిల్ గేటుకి గజ్జెలు కట్టాం, అదీ చాలు. సైరన్ కూత ఉన్నది వద్దు. మాది మొదట అలాంటిదే, అది మోగగానే మామయ్యగారు కంగారుపడి ఇంకా వేగంగా బయటికి నడిచారు. ఇప్పుడు మామూలు డింగ్‌డాంగ్ ఉన్నది పెట్టాం. నాన్నగారు బజారుకు వెళ్లేటప్పుడు ఆవిడను లోపల ఒంటరిగా ఉంచి బయట తాళం వేస్తుంటే అది మాత్రం మాన్పించండి. లోపల ఏ గ్యాసో అంటుకుంటే తలుపు తీసేవాళ్లు ఉండరు.

గ్యాస్ అంటే గుర్తొచ్చింది, వంట అయ్యాక సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయడం అన్నిటికన్నా తేలిక. లీక్ అలారం పెట్టాలనుకుంటే నేలకు అడుగు ఎత్తులోపే పెట్టించండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. పైన కప్పు దగ్గర బిగించి వెళ్లిపోయేవాళ్లున్నారు.

సాయంత్రాల గురించి మీరు రాయలేదు గానీ అది కూడా ఉండే ఉంటుంది. అసురసంధ్య వేళ అయ్యేసరికి మా మామయ్యగారు చొక్కా వేసుకుని "ఇక ఇంటికి పోదాం పదండి" అంటారు, ఉన్నది సొంతింట్లోనే. చీకటిపడే వేళకు తికమక పెరగడం ఈ జబ్బులో మామూలే. దీనికి మాకు బాగా ఉపయోగపడింది టైమర్ ఉన్న స్మార్ట్ ప్లగ్గు. హాల్లో, వరండాలో లైట్లు చీకటి పడకముందే వాటంతటవే వెలుగుతాయి, మూలల్లో నీడలు ఉండవు. అదే వేళకు పాటల పెట్టెలో పౌరాణిక నాటకాల పద్యాలు పెడతాను. తెనాలి చుట్టుపక్కల పెరిగిన మనిషి, నాటకాలంటే ప్రాణం. పొద్దున ఏం తిన్నారో చెప్పలేరు గానీ పద్యం మొదలైతే చివరి రాగం దాకా వదలరు. ఆ పెట్టె మీద ఒక్క బటన్ మినహా అన్నిటికీ నల్ల టేపు వేసేశాను. రాత్రిళ్లకు మంచం నుంచి బాత్రూమ్ దాకా మనిషి కదిలితే వెలిగే చిన్న లైట్లు పెట్టుకోండి, పడిపోవడం తగ్గుతుంది.

అలెక్సా తెలుగులో మాట్లాడదు, మీ అమ్మగారికి దానితో పని ఉండదు. రోజు, తేదీ పెద్దక్షరాలతో చూపించే డిజిటల్ గడియారం కూడా మా దగ్గర నిలవలేదు. మామయ్యగారు వెతికేది గోడ మీద వెంకట్రామా క్యాలెండరు, అందులో తిథి. దాని పక్కన తెల్లబోర్డు పెట్టి, "ఈ రోజు గురువారం. అబ్బాయి ఆఫీసుకు వెళ్లాడు, సాయంత్రం ఆరింటికి వస్తాడు" అని రోజూ రాస్తాను. గంటకోసారి వెళ్లి చదువుకుంటారు, "వాడేడీ?" అని నన్నడగడం తగ్గింది. ఫోన్ కూడా అంతే, స్మార్ట్‌ఫోన్ తీసేసి, చూడ్డానికి పాత ల్యాండ్‌లైన్‌లా ఉండి సిమ్‌తో పనిచేసేది పెట్టాం. రిసీవర్ ఎత్తి మాట్లాడటం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అమ్మగారి ఫోన్‌లో యూపీఐ ఉంటే మాత్రం ఈ వారమే తీయించేయండి, కేవైసీ పేరుతో ఫోన్లు చేసే దొంగలకు ఇలాంటి పెద్దవాళ్లే దొరికేది.

మందులకు వారం పెట్టె, అంటే రోజుకు కొన్ని గళ్లు ఉన్నది, చాలు. అది ఆవిడకు అందని చోట ఉండాలి, అలారం నాన్నగారి ఫోన్‌లో ఉండాలి. ఆవిడ పక్కనే మోగే పెట్టె పెడితే వేసుకున్న మాత్ర మళ్లీ వేసుకునే ప్రమాదం ఉంది.

ఏ వస్తువూ చూపించలేనిది ఒకటుంది. రెండు మూడు రోజుల్లోనే తికమక ఒక్కసారిగా పెరిగితే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన జలుబు మాత్రో నిద్రమాత్రో కారణం కావచ్చు. మన వైపు మే నెల ఎండలకు ఇది మరీ ఎక్కువ. మామయ్యగారు ఒకసారి మమ్మల్నే గుర్తుపట్టక కేకలు పెడుతుంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, ఇన్‌ఫెక్షన్ అని తేలింది, మందు పడ్డాక మునుపటి స్థితికి వచ్చారు.

ఇక కెమెరా. హాల్లో ఒకటి పెట్టుకోవచ్చు, పడకగది, బాత్రూమ్ వద్దు. వైఫై రౌటర్ ఇన్వర్టర్ మీద ఉండాలి, లేకపోతే కరెంటు పోగానే మీకు నల్లతెర తప్ప ఏమీ కనబడదు. పాస్‌వర్డ్ పెట్టెలో వచ్చినది అలాగే ఉంచకుండా మార్చండి. అందులో స్పీకరు ఉంటుంది, దాంట్లోంచి అమ్మగారితో మాట్లాడాలని మీకు అనిపిస్తుంది, మాట్లాడకండి. మావారు ఒకసారి ఆఫీసు నుంచి "నాన్నా, మంచినీళ్లు తాగావా?" అని అడిగారు. మామయ్యగారు లేచి, గదులన్నీ తిరిగి, మంచం కింద కూడా వంగి చూసి, "పిల్లాడు ఎక్కడో ఇరుక్కుపోయాడమ్మా" అని ఏడ్చారు. ఆ రోజే స్పీకరు ఆపేశాం.

అన్నీ ఒకేసారి కొని పంపకండి. ముందు తలుపు బెల్లు, ట్రాకర్ బిళ్ల, సాయంత్రం లైట్లకు టైమర్. కెమెరా సంగతి నాన్నగారితో కూర్చుని మాట్లాడాకే. ఆయన కూడా ఆ ఇంట్లోనే ఉంటారు, పొద్దస్తమానం కొడుకు తనను కూడా చూస్తున్నాడంటే ఎలా ఉంటుందో ఆయన్నే అడగండి. ఏ వేళకు చూస్తారో ముందే చెప్పుకుంటే ఆయనకూ తేలిక. వీలైతే వారంలో కొన్ని గంటలు అమ్మగారి దగ్గర కూర్చునే మనిషిని కుదర్చండి, ఆ వేళ ఆయన బయటికి వెళ్లొస్తారు. పెద్దవాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఎల్డర్‌లైన్ 14567 నంబరు కూడా ఆయన ఫోన్‌లో వేసి పెట్టండి, ఫోన్ ఉచితం. ట్రాకర్‌లో ఎక్కడన్నా ఆగిపోతే ఇక్కడే అడగండి, మధ్యాహ్నం మామయ్యగారు పడుకున్నప్పుడు చూసి జవాబిస్తాను.