పురుగులు బతికే బయటికొస్తే నట్టల మందు పనిచేయనట్టేనా?

నట్టల మందు వేసిన మర్నాడు మీ కుక్కపిల్ల మలంలో పురుగులు ఇంకా కదులుతున్నాయని, మందు మార్చాలా అని అడిగారు. మార్చక్కర్లేదు. మందు పనిచేసింది కాబట్టే అవి బయటపడ్డాయి.

మా కుక్కపిల్లకు మొదటిసారి పైరాంటెల్ అనే నట్టల మందు వేసినప్పుడు నేనూ ఇలాగే టెన్షన్ పడ్డాను. తెల్లటి పొడవాటి ఏలికపాములు పడ్డాయి, ఒకటి మెల్లగా మెలికలు తిరుగుతోంది. ఫోటో తీసుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది ఇదీ: పేగు లోపలున్నదాన్ని ఎప్పుడూ కిందికి తోస్తూ ఉంటుంది. ఏలికపాము పేగు గోడను కరిచి పట్టుకోదు, ఒళ్లు వంచుతూ ఎదురీదుతూనే అక్కడ నిలబడుతుంది. ఆ ఈత ఆగితే చాలు, కొట్టుకుపోతుంది.

పైరాంటెల్ ఆపేది ఆ ఈతనే. పురుగు కండరం మీద ఎసిటైల్‌కోలిన్ అనే నరాల రసాయనాన్ని అందుకునే గ్రాహకాలుంటాయి. మందు వాటికి అతుక్కుని 'బిగుసుకో' అన్న సంకేతాన్ని ఆపకుండా ఇస్తుంది. దాంతో పురుగు పట్టేసినట్టు అయిపోతుంది. పిపరజీన్ అనే ఇంకో నట్టల మందు దీనికి సరిగ్గా ఉల్టా. అది గాబా అనే మరో నరాల రసాయనాన్ని అందుకునే గ్రాహకాల ద్వారా కండరాన్ని వదులు చేసేస్తుంది. ఏ ఒక్కటి వేసినా పురుగు పట్టు తప్పుతుంది కానీ, రెండూ కలిపితే ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి. సొంతంగా కలిపి వేయకండి.

మరి కుక్కకూ అలాంటి గ్రాహకాలు ఉన్నాయి కదా అని నాకు అనుమానం వచ్చింది. పైరాంటెల్ పేగు నుంచి రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది, అందుకే పిల్లలకూ వేయగలుగుతున్నారు. ఐవర్‌మెక్టిన్ అనే మరో పురుగుల మందు దారి వేరు. అది పట్టుకునేది పురుగుల్లో గ్లూటమేట్ అనే నరాల రసాయనంతో తెరుచుకునే క్లోరైడ్ మార్గాలను, అవి కుక్కల్లో, మనలో లేవు. అయినా ఆ మందు మెదడులోకి చేరితే ప్రమాదమే. మామూలుగా దాన్ని బయటికి తోసేసే ప్రోటీన్ ఒకటి కాపలా ఉంటుంది. కోలీ జాతి కుక్కలు చాలావాటిలో అది లోపిస్తుంది. అందుకే పశువులకిచ్చే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను అంచనాగా కుక్కకు ఇవ్వడం నేను ఎప్పటికీ ఒప్పుకోను.

ఫెన్‌బెండజోల్ అనే మందు నరాల జోలికి పోదు. పురుగు కణాల్లోని ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్‌ను దెబ్బతీసి నిదానంగా చంపుతుంది, అందుకే వరసగా మూడు రోజులు వేస్తారు.

పైరాంటెల్ పేగులో ఉన్నవాటినే పడగొడుతుంది. ఒంట్లో తిరుగుతున్న లార్వాలు, అంటే పిల్ల పురుగులు, తర్వాత పేగుకు చేరతాయి కాబట్టి రెండు వారాలకు మళ్లీ వేయించండి, డోసు బరువు తూచాకే. మలం వెంటనే తీసేయండి, అందులోని పురుగుల గుడ్లు మట్టిలో కొన్ని వారాలకు మనుషులకూ అంటుకునేలా తయారవుతాయి. పొట్ట ఉబ్బి వాంతులవుతుంటే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, పురుగులు ఉండకట్టి పేగుకు అడ్డం పడి ఉండొచ్చు.